లేజర్ తర్వాత స్టీరింగ్ ఎప్పుడు?

కళ్లజోడు వదిలించుకోవాలని లేజర్ చేయించుకున్నవాళ్లలో చాలామంది ముందుగా అడిగేది: "బండి ఎప్పట్నుంచి నడపొచ్చు?"

ఆపరేషన్ రోజున నడపకూడదు. అందులో బేరాల్లేవు. కళ్లు మండుతాయి, నీళ్లు కారతాయి, అంతా మసక. కంగారు తగ్గడానికి మాత్ర ఇచ్చి ఉంటే మగత కూడా తోడవుతుంది. ఇంట్లోవాళ్లనెవరినైనా వెంట తీసుకెళ్లండి.

తర్వాతి సంగతి ఏ పద్ధతిలో చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. లాసిక్‌లో కార్నియా మీద మూతలాంటి పలుచని పొర లేపి, కింద వంపు సరిచేసి, మళ్లీ మూసేస్తారు. మర్నాడు పరీక్షకు వెళ్లేసరికే చాలామందికి చూపు తేటపడుతుంది. డాక్టరు సరేనంటే రెండు మూడు రోజుల్లో పగటిపూట దగ్గరి ప్రయాణాలు చెయ్యొచ్చు. స్మైల్‌లో మూత ఉండదు, చిన్న గాటు గుండా లోపలి ముక్కను తీసేస్తారు. చూపు పదునెక్కడానికి మాత్రం కొందరికి ఇంకొన్ని రోజులు పడుతుంది. పీఆర్‌కే దారి వేరు. పైపొరను గీకేస్తారు కాబట్టి, కొత్త పొర అల్లుకునేదాకా నాలుగైదు రోజులు కట్టులా కాంటాక్ట్ లెన్స్ పెడతారు. చూపు నిలకడకు రావడానికి వారాలు పట్టొచ్చు. పక్కింటాయన మూడోరోజే కారు తీశాడు కదా అని మీరూ తీయకండి. ఆయనకు చేసింది వేరే పద్ధతి కావచ్చు.

అసలు చిక్కు "6/6 వచ్చింది" అన్న మాటతో మొదలవుతుంది. చార్టు మీద ఉండేవి తెల్లని పలక, నల్లని అక్షరాలు. రోడ్డు మీద చీకట్లో రంగు వెలిసిన ట్రాక్టర్ ట్రాలీ ఉంటుంది, వెనక ఒక్క లైటూ ఉండదు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. లేజర్ సరిచేసిన మేర దాటి, అంచుల్లోంచి కూడా కాంతి లోపలికి వస్తుంది. అందుకే ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్ చుట్టూ వలయాలు, కిరణాలు కనిపిస్తాయి. ఎక్కువమందికి ఇవి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో తగ్గిపోతాయి. అందాకా రాత్రివేళ హైవే ఎక్కకపోవడమే మంచిదని నా అభిప్రాయం. హైబీమ్ దించే మర్యాద మన రోడ్ల మీద ఎంత ఉందో మీకు తెలుసు.

రెండో ఇబ్బంది కళ్లు పొడిబారడం. కార్నియాలోని సన్నని నరాలు తెగడం వల్ల, కన్ను ఆరిపోతోందన్న కబురు మెదడుకు సరిగ్గా అందదు. పైగా డ్రైవింగ్‌లో రెప్పలు తక్కువ వేస్తాం, ఏసీ గాలి సూటిగా మొహానికి కొడుతుంది. చూపు ఒక్క క్షణం అలుక్కుపోయి, రెప్ప వేయగానే తేటపడుతుందంటే కారణం ఇదే కావచ్చు. ఏసీ గాలిని పక్కకు తిప్పండి. డాక్టరు రాసిన చుక్కలు వేళకు వేసుకోండి.

బైకుల వాళ్లకు ఇంకో గండం. కంట్లో నలుసు పడగానే చెయ్యి దానంతటదే కంటికి వెళ్తుంది. లాసిక్ కొత్తలో గట్టిగా నలిపితే మూత పొర ముడతపడొచ్చు, జరిగిపోనూవచ్చు. అందుకే కారు నడపొచ్చన్న రోజే బైకు కూడా నడపొచ్చని అనుకోవద్దు. డాక్టరును విడిగా అడగండి. హెల్మెట్ ఎలాగూ తప్పదు, దాని అద్దం దించే ఉంచండి.

నలభై దాటినవాళ్లకు ఒక మాట. దూరపు చూపు పూర్తిగా సరిచేశాక రోడ్డు స్పష్టంగా కనిపించినా, ఫోనులో మ్యాపు మసకగా ఉండొచ్చు. అది ఆపరేషన్ లోపం కాదు, వయసుతో వచ్చే చత్వారం.

డ్రైవింగ్ లైసెన్స్ కోసం నింపే ఫారం-1లో, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు గుర్తుపట్టగలరా అని అడుగుతారు. కారు తీసే ముందు వీధిలో నిలబడి ఆ పరీక్ష మీరే చేసుకోవచ్చు, ఒక్కో కన్నూ మూసి. అందులో నెగ్గినా డాక్టరు సరేననేదాకా ఆగండి. ఇక చుక్కల మందు సీసాను ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి. వేడికి మందు పాడవుతుంది.