చేపలపై తెల్లచుక్కలు పోయాయని మందు ఆపేస్తున్నారా? అసలు డేంజర్ మొదలయ్యేది అప్పుడే..

ఆదివారం షాపు నుంచి రెండు కొత్త గప్పీలు తెచ్చి అక్వేరియంలో వదిలారు. గురువారానికి ఒక చేప ఒంటిమీద ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. శనివారానికి అన్ని చేపలకీ అవే చుక్కలు. షాపులో అడిగితే ఓ మందు సీసా చేతిలో పెట్టారు. మూడు రోజులు వేశారు, చుక్కలు మాయం. హమ్మయ్య అనుకుని మందు ఆపేశారు. వారం తిరక్కుండానే రెట్టింపు చుక్కలు.. పొద్దున లేచేసరికి రెండు చేపలు నీళ్లపై తేలుతున్నాయి. పిల్లలు ఏడుపు.

అక్వేరియం ఉన్న చాలా ఇళ్లలో కనిపించే సీనే ఇది. మందు నకిలీదని కొందరు, షాపువాడు మోసం చేశాడని ఇంకొందరు అనుకుంటారు. చాలాసార్లు తప్పు మందుది కాదు. తొందరపడి ఆపేయడమే తప్పు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ చుక్కలో ఏముందో తెలియాలి.

ఈ జబ్బును వైట్ స్పాట్ అంటారు. చేపలు పెంచేవాళ్లు షార్ట్‌గా ‘ఇక్’ అని పిలుస్తారు. దీనికి కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. 1876లో ఫూకే అనే పరిశోధకుడు పెట్టిన పేరిది. దానికి ‘బోలెడు సంతానం ఉన్న చేప పేను’ అని అర్థం. పేరు ఊరికే పెట్టలేదు మరి.. ఒక్క చుక్క నుంచి వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలు పుట్టుకొస్తాయి. మనుషులకు మాత్రం ఇది సోకదు, ఆ భయం అక్కర్లేదు.

చుక్క వెనక కథ ఇదీ..

ఈ పరాన్నజీవి చేప చర్మం పైపొర కిందకి దూరి, అక్కడి కణాలను తింటూ పెరుగుతుంది. దానిమీద చర్మం పొర కప్పులా ఉంటుంది. మనకు కనిపించే తెల్లచుక్క అదే. నీళ్లలో వేసిన మందు ఆ కప్పు దాటి లోపలికి సరిగ్గా వెళ్లలేదు.

కడుపు నిండాక అది తనంతట తానే చేపను వదిలి కిందకి జారిపోతుంది. రాళ్లకో, మొక్కలకో, గాజుకో అతుక్కుని చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూటి లోపల రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. అక్కడా మందు ప్రభావం అంతంతే. తర్వాత గూడు పగిలి పిల్లలన్నీ ఈదుకుంటూ చేపల కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. మందు వాటిని చంపగలిగేది ఈ కొద్ది సమయంలోనే.

ఇప్పుడు మళ్లీ మన చేప దగ్గరకు వద్దాం. మూడో రోజో నాలుగో రోజో చుక్కలు పోయాయి. అంటే పరాన్నజీవి చావలేదు, కిందకి దిగి పిల్లల్ని తయారు చేసుకుంటోంది. సరిగ్గా అవి బయటికి వచ్చే టైమ్‌కి నీళ్లలో మందు లేకుండా చేస్తున్నామన్నమాట.

మరి ఎన్నాళ్లు వాడాలి? అది నీళ్ల వేడిని బట్టి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర ఈ చక్రం మొత్తం వారంలోపే తిరిగిపోతుంది. 15 డిగ్రీలకు పడిపోతే వారాలు పడుతుంది. కాబట్టి చివరి చుక్క మాయమయ్యాక కూడా కనీసం ఒక వారం చికిత్స ఆపకూడదు. మొత్తంగా రెండు వారాలు అనుకుంటే సేఫ్. డిసెంబర్, జనవరిలో హీటర్ లేకుండా హైదరాబాద్‌లో ట్యాంక్ పెట్టినవాళ్లు ఇంకా ఎక్కువే అనుకోవాలి.

ట్యాంక్ మొత్తం కడిగేస్తే పోతుందా?

చాలామంది చేసే పని ఇదే. చేపల్ని బకెట్లో వేసి, నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ సబ్బుతో రుద్ది కడిగి, కొత్త కుళాయి నీళ్లు పోసి చేపల్ని మళ్లీ వదులుతారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది కానీ చేపలకు ఇది డబుల్ దెబ్బ. పరాన్నజీవి చేపల ఒంట్లోనే ఉంది కదా, వాటితోపాటే తిరిగొచ్చేస్తుంది. పైగా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా ఉండేది ఆ స్పాంజ్‌లోనే. అది కొట్టుకుపోతే అమ్మోనియా పెరుగుతుంది. అసలే నీరసంగా ఉన్న చేప జబ్బుతో కాదు, ఆ నీళ్లతోనే చచ్చిపోతుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ సంగతి సరేసరి.

దాని బదులు రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చాలి. మార్చేటప్పుడు సన్నటి పైపుతో అడుగు రాళ్ల మధ్య నుంచి నీళ్లు లాగాలి. గూళ్లు ఉండేది అక్కడే కాబట్టి చాలావరకు మురికితోపాటు బయటికి పోతాయి. కొత్త నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ట్యాంక్ నీళ్ల వేడికి సరిపోయాకే పోయాలి.

ఉప్పు లెక్క ఎలా?

గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్ లాంటివి ఉన్న ట్యాంక్‌లో వంటింటి చిట్కా బాగానే పనిచేస్తుంది. లీటరుకు 2 గ్రాముల కల్లుప్పు, అదే తెలంగాణలో దొడ్డుప్పు అంటారే, అది చాలు. ముందు నీళ్లెన్నో తేల్చుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తున్న రెండడుగుల ట్యాంక్‌లో అంచుల దాకా నింపితే 54 లీటర్లు పడతాయి. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 లీటర్లు అనుకోవచ్చు. అంటే 90 గ్రాముల ఉప్పు. దాన్ని మగ్గు నీళ్లలో కరిగించి, ఒక రోజులో మూడు విడతలుగా పోయాలి. ఉప్పు రాళ్లు నేరుగా చేపలపై చల్లొద్దు.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు పోదు, కాబట్టి పైన కలిపే నీళ్లకు ఉప్పు అక్కర్లేదు. 12 లీటర్లు తీసి మారిస్తేనే ఆ 12 లీటర్లకు సరిపడా 24 గ్రాములు కలపాలి. సక్కర్ ఫిష్, కోరీ, లోచ్ లాంటివి ఉప్పును అంతగా తట్టుకోలేవు. బతికున్న మొక్కలూ పాడవుతాయి.

ఉప్పుతోపాటు వేడి కూడా కలిస్తే మంచి ఫలితం ఉంటుంది. హీటర్‌తో రోజుకు రెండు డిగ్రీల చొప్పున 30 దాకా తీసుకెళ్తే పరాన్నజీవి చక్రం వేగంగా తిరుగుతుంది, చాలా రకాలకు అక్కడ సంతానం కలగడం కష్టమవుతుంది. అన్ని రకాలూ లొంగవు, అందుకే వేడి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఎయిర్ పంప్ రాత్రీ పగలూ ఆడాల్సిందే. కరెంట్ పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. గోల్డ్ ఫిష్‌కి చల్లటి నీళ్లే ఇష్టం, దానికి అంత వేడి వద్దు. మే నెల విజయవాడలో అయితే హీటర్ ముట్టుకోకపోవడమే మంచిది.. అప్పుడు కావాల్సింది గాలి.

మందే వాడాలనుకుంటే ముందు ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయాలి. లేదంటే మందును అది పీల్చేసుకుంటుంది. షాపుల్లో కనిపించే నీలం రంగు మిథిలీన్ బ్లూ ఈ జబ్బుపై కాస్త బలహీనమే, పైగా ఫిల్టర్ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. మలాకైట్ గ్రీన్ ఉన్న మందు బలంగా పనిచేస్తుంది. కానీ అది విషపూరితమైన రసాయనం, మనం తినే చేపల పెంపకంలో దాని వాడకం నిషేధం. గ్లవ్స్ వేసుకోవాలి, పిల్లలకు అందకుండా పెట్టాలి. డోసు సీసా మీద రాసిందే ఫాలో అవ్వాలి. రాగి ఉన్న మందులైతే నత్తలు, రొయ్యలు బతకవు. రెండు మందులు కలిపి వేయడం మాత్రం అస్సలొద్దు.

చుక్కలు లేకపోయినా జబ్బు ఉండొచ్చు

కొన్నిసార్లు పరాన్నజీవి ముందు మొప్పల్లోకి చేరుతుంది. ఒంటిమీద ఒక్క చుక్కా ఉండదు, కానీ చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం తంటాలు పడుతుంది. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది, మేత వదిలేస్తుంది. ఇవి కనిపిస్తే చుక్కల కోసం ఆగొద్దు, అదే రోజు నీళ్లు మార్చి గాలి పెంచండి. దూదిలా కనిపిస్తే అది ఫంగస్. మగ గోల్డ్ ఫిష్‌కి జత కట్టే సీజన్‌లో మొప్పల మూతలపై, ముందు రెక్కలపై వరుసగా తెల్లటి బొడిపెలు వస్తాయి. అది జబ్బే కాదు, మందు వేస్తే చేపకు అనవసరపు శిక్ష.

ఒక్క చేపకే చుక్కలున్నా ట్యాంక్ మొత్తానికీ చికిత్స చేయాల్సిందే. చేపల్ని వేరే తొట్టిలోకి మార్చి చికిత్స చేస్తే, ఖాళీ ట్యాంక్‌ను వెచ్చగా ఉంచి ఓ వారం పైనే వదిలేయాలి. చేప దొరక్క అక్కడి పిల్లలు వాటంతటవే చస్తాయి. చికిత్స రోజుల్లో మేత సగానికి తగ్గించాలి. పారబోసే నీళ్లు, చచ్చిన చేపలు చెరువులోనో, కాలువలోనో వేయకూడదు. ఇదే పరాన్నజీవి రోహు, కట్ల లాంటి పెంపకం చేపలకూ సోకుతుంది. నీళ్లు డ్రైనేజీలో పోసి, చేపను మట్టిలో పూడ్చేయాలి.

ఇక కొత్త చేపలు తెచ్చిన రోజు.. కవర్లోని షాపు నీళ్లు ట్యాంక్‌లో పోయకుండా, చేపను జాలీతో తీసి ఒక ప్లాస్టిక్ టబ్‌లో వేయండి. చిన్న స్పాంజ్ ఫిల్టర్ పెట్టి రెండు మూడు వారాలు అక్కడే ఉంచండి. ఆ జాలీ, మగ్గు పాత ట్యాంక్‌కి వాడొద్దు. తడి జాలీతోనూ ఈ పరాన్నజీవి ఒక ట్యాంక్ నుంచి ఇంకో ట్యాంక్‌కి వెళ్లిపోతుంది.