పుచ్చిన దవడపంటిలోని ప్రాణము



మన గ్రామములలో పంటినొప్పికి రెండే చికిత్సలు: మొదట లవంగతైలము, అది పనిచేయనిచో పట్టకారు. దవడ పట్టుకొని రాత్రియంతయు మేల్కొన్నవానితో, "పీకించివేయుము, పీడ విరగడ యగును" అని చెప్పనివాడు లేడు. నేనును అట్లు చెప్పినవాడనే. నా స్వంత పంటి విషయమున నింతకంటె పెద్ద పొరపాటు చేసితిని. నలువదవ యేట నా యెడమ దవడపన్ను మూడు వారములు బాధించి, ఒకనాడు తనంతట తానే యూరకుండెను. రోగము కుదిరినదని సంతసించితిని. ఆఱు మాసములకు చెక్కిలి వాచి, చీము పట్టి, పన్ను పీకింపవలసి వచ్చినది. నొప్పి మానినది పన్ను బాగుపడి కాదు, లోపల చచ్చి.

పన్ను ఱాతివలె జడమని తలంతుము గాని, అది జీవముగల యవయవము. పై పెంకు ఎనామిల్. శరీరమంతటిలో నింత గట్టి పదార్థము మఱి లేదు. దాని క్రింద డెంటిన్ అను పసుపువన్నె పొర. అందు కంటికానని సన్నని గొట్టములు వేలకొలది కలవు. వీని నడుమ చిన్న గదిలో పల్పు అను మెత్తని పదార్థమున్నది. రక్తనాళములును నరములును వేళ్ల కొనలనుండి యిందులోనికి వచ్చును. పంటికి ప్రాణమిదియే.

పుచ్చు రోగమునకు సుశ్రుతుడు కృమిదంతకమని పేరిడెను. జనులు చెప్పుకొను పురుగు పంటిలో లేదు, ఉన్నవి సూక్ష్మజీవులు. అవి మనము తిను బెల్లమును పంచదారను ఆమ్లముగా మార్చును; ఆ యామ్లము ఎనామిల్‌ను కరగించును. అయితే పల్పు చేతులు ముడుచుకొని కూర్చుండదు. దొంగ వెలుపల కన్నము వేయుచుండగా ఇంటివాడు లోపల వేఱొక గోడ పెట్టుకొనునట్లు, అది క్రొత్త డెంటిన్‌ను కట్టుకొనుచుండును. 1965లో అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను మువ్వురు ఎలుకల పండ్లను పల్పు బయటపడునట్లు తొలిచి, ఏమియు కప్పక విడిచిరి. సామాన్యపుటెలుకలలో పల్పు చచ్చినది. సూక్ష్మజీవులు లేకుండ పెంచిన యెలుకలలోనో, కన్నములో మేత యిరుకుకొన్నను, పల్పు బ్రదికి తన గాయముపై డెంటిన్ వంతెన కట్టుకొన్నది. పల్పునకు శత్రువు గాయము కాదు, సూక్ష్మజీవి యని దీనిచే స్థిరపడినది.

ఇక చికిత్స మాట. 1920లో జర్మనీలో హెర్మన్ అను వైద్యుడు పల్పుపై కాల్షియం హైడ్రాక్సైడును కప్పుట యారంభించెను. అది మన తాంబూలములోని సున్నమే! అట్లని యింటి సున్నము పంటిలో పెట్టుకొనకుడు, నోరు పొక్కును. 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయమునుండి తొరాబినెజాద్ ఎం.టి.ఏ. అను క్రొత్త పదార్థమును తెలియజేసెను. ఇది ఇండ్లు కట్టు పోర్ట్‌లండ్ సిమెంటు జాతిది; తడిలోనే గట్టిపడి, కన్నమును మూయును.

వైద్యుడు పంటికి తిమ్మిరి మందిచ్చి, ఉమ్మి తగులకుండ చుట్టును రబ్బరు పొర కట్టును. పుచ్చు పల్పువఱకు పోనిచో, అంచులను శుభ్రపఱచి, పల్పునకు మిక్కిలి దగ్గఱనున్న మెత్తని పొరను కొంత విడిచిపెట్టియే పైన మూయవచ్చును. అంతయు గీకి పల్పును బయటపెట్టుటకంటె నిది మేలని నేటి వైద్యుల మతము. పల్పు బయటపడినచో, వాచిన పై భాగమును మాత్రము తీసి, మందులో తడిపిన దూదితో అదిమి చూతురు. కొలది నిమిషములలో నెత్తురు నిలిచినచో క్రింది భాగము ఆరోగ్యముగా నున్నదని తలచి, సిమెంటు వేసి, పైన గట్టిగా పూడ్తురు. నిలువనిచో పల్పునంతయు తీసివేయు రూట్ కెనాల్ చికిత్సయే గతి.

ఈ పద్ధతి వేళ్లు పూర్తిగా పెరుగని పిల్లల పండ్లకే తగునని చాలకాలము తలచిరి. ఇరాన్ దేశమున 400 మందికి పైగా రోగులను తీసికొని, తీవ్రముగా నొచ్చుచున్న దవడపండ్లకు, కొందఱికి రూట్ కెనాలును, కొందఱికి పల్పులో పైభాగము మాత్రము తీయు చికిత్సయు చేసిరి. 2015లో ప్రకటించిన అయిదేండ్ల ఫలితములలో రెండవది మొదటిదానికి తీసిపోలేదు. ఐరోపా దంతవైద్యుల సంఘము 2019లోను, అమెరికా సంఘము 2021లోను పల్పును రక్షించు మార్గమును ఆమోదించినవి. ఇది తప్పినను రూట్ కెనాల్ మిగిలియే యుండును. పీకిన పన్ను మాత్రము తిరిగి రాదు.

చన్నీరు తగిలి జివ్వుమని వెంటనే మానినచో పల్పు కోలుకొనగలదు. నొప్పి చాలసేపు నిలిచినను, నిద్ర లేపినను, వాపు లోపలికి పోవుచున్నదన్నమాట. అప్పటికిని కొన్ని పండ్లు దక్కును. చన్నీరే తెలియనిచో, చిగురు పొంగి చీము వచ్చినచో, పల్పు చచ్చినదని యెంచవలెను. దానికీ చికిత్స లేదు.

నా కుడి దవడపన్ను పోయిన యేడు నొచ్చినప్పుడు నాలవనాడే పట్టణమునకు పోయితిని. "ఇది బ్రదికియున్నదా? పై భాగము తీసిన చాలునా?" అని వైద్యుని నేనే యడిగితిని. ఆయన పరీక్షించి, చాలునని చెప్పి, అట్లే చేసిరి. మొన్న తీసిన ఎక్స్‌రే చిత్రములో వేళ్ల కొనలు నిర్మలముగా నున్నవి. ఆ వైపున చెఱకు మాత్రము కొఱుకవలదనిరి.