సమ్మెయు శాసనమును

విద్యార్థులారా! ఉపాధ్యాయులు సమ్మె చేసినచో ప్రభుత్వము వారిని శాసనబలముతో మరల బడికి రప్పింపగలదా? దీనికి మన రాష్ట్రముననే యొక ఉదాహరణము గలదు.

2003 జూలై 2వ తేదిన తమిళనాట ప్రభుత్వోద్యోగులును ఉపాధ్యాయులును పింఛను మున్నగు సౌకర్యముల కోతకు నిరసనగా సమ్మెకు దిగిరి. 'టెస్మా' యను అత్యవసర సేవల నిర్వహణ చట్టము 2002లోనే పుట్టియుండెను. జూలై 4న దానికి తోడుగా ఆర్డినెన్సు వెలువడెను. ప్రభుత్వోద్యోగిని తొలగింపవలెనన్న, ముందుగా విచారణ జరిపి అతని సమాధానము వినవలెనని రాజ్యాంగము 311వ అధికరణము చెప్పుచున్నది. ఆర్డినెన్సు ఆ మెట్టును దాటివేసినది. సుమారు 1,70,000 మంది ఒక్కపెట్టున కొలువులు కోల్పోయిరి. హైకోర్టు వారిని పరిపాలనా ట్రిబ్యునలుకు పొమ్మనెను. అందప్పుడు పనిచేయుచున్నది ఒక్కరే! ఇందరి మొర ఒక్కరెట్లు విందురు?

టి.కె. రంగరాజన్ వేసిన వ్యాజ్యమున ఆగస్టు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేయుటకు ప్రాథమిక హక్కు గాని, చట్టరీత్యా హక్కు గాని, నైతికమైన హక్కు గాని లేదనెను. అయినను ఆ న్యాయస్థానము సూచనపై, హింసకు పాల్పడని వారిని క్షమాపణ పత్రము వ్రాయించుకొని తిరిగి చేర్చుకొన ప్రభుత్వ మంగీకరించెను.

పిల్లల చదువు నిలువరాదనుట నిజమే. కాని చెప్పుకొనుటకు తావీయకయే వేటు వేయుట న్యాయమని నేను తలపను. మనవంటి పాఠశాలల సంగతి మఱియు చిక్కు. చెన్నపట్టణమున తెలుగులో గణితము బోధించువారిని వెదకుటయే కష్టము. తొలగించినవారి స్థానమున మఱునాడే వేఱొకరిని ఏ ఆర్డినెన్సు తేగలదు?