ఇంటి సమాచారానికి కాపలా: టైమ్ క్యాప్సూల్ చరిత్ర

ఇంట్లో వాడే కంప్యూటర్‌లోని సమాచారం పోవడానికి గల కారణాలను వెదికితే యంత్రానికి సంబంధించినవి కొన్ని, మనిషికి సంబంధించినవి కొన్ని కనిపిస్తాయి. నిమిషానికి వేలసార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఎప్పటికైనా చెడిపోయే సాధనమే కాబట్టి, అందులోని ఫొటోలకూ లెక్కలకూ ఉత్తరాలకూ మరోచోట నకలు ఉండాలన్నది కంప్యూటర్ రంగంలో ఏనాటి నుంచో పాటిస్తున్న నియమం. ఆ నకలునే బ్యాకప్ అంటారు. పెద్ద కార్యాలయాల్లో ఈ పనిని చూసుకొనే ఉద్యోగులు ఉండేవారు, నిర్ణీత వేళల్లో మాగ్నెటిక్ టేపుల మీదికి నకళ్లు తీసే ఏర్పాటూ ఉండేది. ఇళ్లలో మాత్రం ఆ బాధ్యత ప్రత్యేకించి ఎవరిదీ కాకపోవడం వల్ల, డిస్క్ కొనితెచ్చి కేబుల్ తగిలించి నకలు తీసే పని మొదట ఒకటి రెండుసార్లు శ్రద్ధగా సాగి, ఆ తర్వాత వాయిదాల్లో పడిపోయేది. యాపిల్ సంస్థ 2008లో తెచ్చిన టైమ్ క్యాప్సూల్ ఈ రెండో లోపాన్ని, అంటే మనిషి వాయిదా వేసే అలవాటును, లెక్కలోకి తీసుకొని రూపొందిన యంత్రం. వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను నడిపే రౌటర్‌నూ నకళ్లు దాచే హార్డ్ డిస్క్‌నూ ఒకే పెట్టెలో అమర్చిన ఈ సాధనం పదేళ్లపాటు అమ్మకంలో ఉండి 2018లో నిలిచిపోయినా, గృహ నెట్‌వర్క్ చరిత్రలో అది నేర్పిన పాఠాలు ఇప్పటికీ పనికివస్తున్నాయి.

రేడియో తరంగాల మీద నెట్‌వర్క్

టైమ్ క్యాప్సూల్ పుట్టడానికి ముందు మూడు వేర్వేరు పరిణామాలు పూర్తికావలసి వచ్చింది. వాటిలో మొదటిది, కంప్యూటర్లు కేబుల్ లేకుండా మాట్లాడుకోగలగడం. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ నాయకత్వాన పనిచేయడం మొదలుపెట్టిన అలోహానెట్, వేర్వేరు దీవుల్లోని టెర్మినళ్లను రేడియో ద్వారా విశ్వవిద్యాలయపు కంప్యూటర్‌కు కలిపింది. ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ఒకేసారి ప్రసారం చేస్తే రెండు సందేశాలూ కలగాపులగమైపోతాయి కాబట్టి, అందినట్టు జవాబు రాని సందేశాన్ని, యాదృచ్ఛికంగా ఎంచుకున్న కొంత వ్యవధి తర్వాత మళ్లీ పంపాలన్న సులువైన పద్ధతిని ఆ బృందం అనుసరించింది. తర్వాతి కాలపు వైఫై ఈ పద్ధతికి మరో జాగ్రత్తను చేర్చి, ప్రసారానికి ముందు ఆ చానల్ ఖాళీగా ఉందో లేదో విని చూసుకోవడాన్ని ప్రతి పరికరానికీ నియమం చేసింది.

రెండో పరిణామం సాంకేతికమైనది కాదు, చట్టపరమైనది. రేడియో పౌనఃపున్యాలను వాడాలంటే లైసెన్సు తప్పనిసరిగా ఉన్న కాలంలో, అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో మూడు పౌనఃపున్య పట్టీలను, కొన్ని సాంకేతిక షరతులతో, లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చని ప్రకటించింది. వాటిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ, మైక్రోవేవ్ ఓవెన్ల వంటి పరికరాలు వాడుకొనేది కావడంతో, అంతకుముందు సమాచార ప్రసారానికి అంతగా పనికిరానిదిగా ఎంచిన భాగం. ఈ అవకాశాన్ని అందిపుచ్చుకొని ఎన్‌సీఆర్ సంస్థకు చెందిన నెదర్లాండ్స్ ఇంజినీర్లు వేవ్‌లాన్ అనే వైర్‌లెస్ నెట్‌వర్క్‌ను రూపొందించగా, అదే బృందానికి చెందిన విక్ హేస్ అధ్యక్షతన ఐఈఈఈ సంస్థ ఏర్పాటుచేసిన సంఘం 1997లో 802.11 అనే ప్రమాణాన్ని వెలువరించింది. సెకనుకు 2 మెగాబిట్లకు మించని ఆ తొలి ప్రమాణం స్థానంలో 1999లో 11 మెగాబిట్ల 802.11బీ వచ్చాక ఇళ్లలో వాడకానికి దారి ఏర్పడింది. భారతదేశంలో ఇదే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు నుంచి మినహాయింపునిచ్చే ఉత్తర్వు 2005 జనవరిలో వెలువడింది. నేడు తెలుగువారి ఇళ్లలో ఎవరి అనుమతీ కోరకుండా రౌటర్ పెట్టుకోగలగడం వెనుక ఉన్నది ఈ మినహాయింపే.

యాపిల్ సంస్థ 1999 జూలైలో న్యూయార్క్‌లో ఐబుక్ అనే ల్యాప్‌టాప్‌తో పాటు ఎయిర్‌పోర్ట్ అనే వైర్‌లెస్ కేంద్రాన్ని ప్రదర్శించింది. 299 డాలర్ల ధర పలికిన ఆ పరికరంలో టెలిఫోన్ లైనుకు తగిలించే మోడెమ్, ఒక ఈథర్‌నెట్ రంధ్రం ఉండేవి. దాని లోపలి రేడియో కార్డు లూసెంట్ సంస్థ తయారుచేసిన వేవ్‌లాన్ కార్డే. టైమ్ క్యాప్సూల్ ఈ ఎయిర్‌పోర్ట్ వంశానికి చెందినదే.

టైమ్ మెషీన్ పనితీరు

మూడో పరిణామం సాఫ్ట్‌వేర్‌లో జరిగింది. 2007 అక్టోబరులో విడుదలైన మ్యాక్ ఓఎస్ ఎక్స్ లెపర్డ్‌లో టైమ్ మెషీన్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌ను చేర్చారు. డిస్క్‌ను ఒకసారి చూపిస్తే చాలు, అప్పటినుంచి అది గంటగంటకూ తనంతట తాను నకలు తీస్తుంది. గడిచిన 24 గంటలకు గంటకొకటి, గడిచిన నెలకు రోజుకొకటి, అంతకు పూర్వపు కాలానికి వారానికొకటి చొప్పున నకళ్లను నిలిపి ఉంచి, డిస్క్ నిండినప్పుడు అన్నింటికన్నా పాతవాటిని తొలగిస్తుంది.

ప్రతి గంటకూ మొత్తం కంప్యూటర్‌కు నకలు తీయాలంటే ఏ డిస్కూ చాలదు. టైమ్ మెషీన్ ఈ చిక్కును విప్పిన తీరు గమనించదగినది. ఏయే ఫోల్డర్లలో మార్పు జరిగిందో ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పటికప్పుడు ఒక పట్టికలో రాసిపెడుతుంది కాబట్టి, నకలు తీసే వేళకు లక్షల ఫైళ్లన్నింటినీ వెదకనవసరం లేకుండా, ఆ పట్టిక చూపిన ఫోల్డర్లను మాత్రమే పరిశీలిస్తే సరిపోతుంది. మారిన ఫైళ్లను కొత్తగా రాస్తారు. మారనివాటికి హార్డ్ లింక్ అనే ఉపాయాన్ని వాడతారు. ఫోల్డరులో కనిపించే ఫైలు పేరు వేరు, డిస్క్ మీద ఉన్న దాని విషయం వేరు; పేరనేది ఆ విషయం ఎక్కడుందో చెప్పే ఆనవాలు మాత్రమే. ఒకే మనిషికి ఇంట్లో ముద్దుపేరూ బడి రిజిస్టరులో అసలు పేరూ ఉన్నట్టే, డిస్క్ మీద ఒక్కచోటే ఉన్న విషయానికి వేర్వేరు ఫోల్డర్లలో వేర్వేరు ఆనవాళ్లు ఉండవచ్చు. ఇలా జతచేసిన ఆనవాలునే హార్డ్ లింక్ అంటారు. ఒక విషయానికి ఎన్ని ఆనవాళ్లున్నాయో ఫైల్ సిస్టమ్ లెక్కపెట్టుకుంటూ, చివరి ఆనవాలు కూడా తొలగిపోయినప్పుడే ఆ చోటును ఖాళీ చేస్తుంది.

ఉదాహరణకు 50 గిగాబైట్ల సమాచారం ఉన్న కంప్యూటర్‌లో గడిచిన గంటలో 2 మెగాబైట్ల పత్రం ఒక్కటే మారిందనుకుంటే, బ్యాకప్ డిస్క్ మీద కొత్తగా చేరేది ఆ 2 మెగాబైట్లూ కొన్ని లింకులూ మాత్రమే. అయినా ఆ గంట పేరుతో ఏర్పడిన ఫోల్డరును తెరిచి చూస్తే ఆ సమయానికి కంప్యూటర్‌లో ఉన్న 50 గిగాబైట్లూ యథాతథంగా కనిపిస్తాయి. పాత నకలును తొలగించినా కొత్త నకళ్లకు ఏ లోటూ రాదు, ఎందుకంటే వాటి ఆనవాళ్లు ఇంకా మిగిలే ఉంటాయి. యూనిక్స్‌లో మొదటినుంచీ ఫైళ్లకున్న ఈ సౌకర్యాన్ని యాపిల్ ఇంజినీర్లు ఫోల్డర్లకూ వర్తింపజేశారు. దానివల్ల వేల ఫొటోలున్న ఫోల్డరులో ఏదీ మారకపోతే, ఫొటోకొక లింకు చొప్పున కాక, మొత్తం ఫోల్డరుకు ఒక్క లింకే సరిపోతుంది. ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది: మార్పును ఫైలు స్థాయిలోనే గుర్తిస్తుంది కాబట్టి, ఈమెయిళ్లన్నింటినీ ఒకే పెద్ద ఫైలులో దాచే ప్రోగ్రామ్‌లో ఒక చిన్న ఉత్తరం చేరినా ఆ ఫైలు మొత్తాన్నీ మళ్లీ రాయవలసి వచ్చేది.

పెట్టె లోపలి సంగతులు

2008 జనవరి 15న శాన్ ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ టైమ్ క్యాప్సూల్‌ను ప్రకటించారు. సుమారు 20 సెంటీమీటర్ల చదరంలో, 4 సెంటీమీటర్లకన్నా తక్కువ ఎత్తులో ఉన్న తెల్లని పెట్టెలో 500 గిగాబైట్ల డిస్క్ ఉన్నదాని ధర 299 డాలర్లు, ఒక టెరాబైటుది 499 డాలర్లు. అదే వేదిక మీద ప్రకటించిన మ్యాక్‌బుక్ ఎయిర్ అనే పలుచని ల్యాప్‌టాప్‌లో ఈథర్‌నెట్ రంధ్రమూ డీవీడీ డ్రైవూ లేవు, యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే ఉంది. ఇంట్లో గదిగదికీ తిరిగే అలాంటి కంప్యూటర్‌కు కేబుల్‌తో తగిలించే బ్యాకప్ డిస్క్ ఎలా కుదరదో గమనిస్తే, ఈ రెండూ ఒకేరోజు వెలువడటంలోని పొందిక అర్థమవుతుంది.

ఈ పెట్టె ఏకకాలంలో రెండు పనులు చేసింది. రౌటర్‌గా అది ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఒక్క చిరునామాను ఇంట్లోని పరికరాలన్నింటికీ పంచింది. ఇందుకోసం నెట్‌వర్క్‌లో చేరిన ప్రతి పరికరానికీ ఇంటి వరకే చెల్లే సొంత చిరునామా ఒకటి కేటాయిస్తుంది. ఆ పరికరం బయటికి పంపిన ప్రతి అభ్యర్థన మీదా దాని చిరునామాను తీసేసి, ఇంటి ఉమ్మడి చిరునామానూ పోర్టు అనే ఒక సంఖ్యనూ వేసి పంపి, జవాబు తిరిగివచ్చినప్పుడు ఆ సంఖ్యను బట్టి అది ఎవరిదో పోల్చుకొని వారికి చేరుస్తుంది. ఇంటి సమాచారమంతా గాలిలో ప్రయాణించే ఏర్పాటులో రహస్య సంకేతీకరణ అత్యవసరం. వైఫై తొలి రక్షణ పద్ధతి అయిన వెప్‌లోని లోపాలను 2001లో పరిశోధకులు బయటపెట్టడంతో, అంతకన్నా పటిష్ఠమైన డబ్ల్యూపీఏ2 అనే పద్ధతి 2004లో అమల్లోకి వచ్చింది. టైమ్ క్యాప్సూల్ దాన్నే ఉపయోగించుకుంది.

రెండో పని, నకళ్లను దాచడం. నెట్‌వర్క్‌కు అవతల ఉన్న డిస్క్ మీద హార్డ్ లింకుల వంటి సదుపాయాలు నేరుగా అందుబాటులో ఉండవు కాబట్టి, టైమ్ మెషీన్ అక్కడ స్పార్స్ బండిల్ అనే రూపంలో ఒక కల్పిత డిస్క్‌ను సృష్టించి దానిలో నకళ్లను రాసింది. ఆ కల్పిత డిస్క్ 8 మెగాబైట్ల చొప్పున చిన్న చిన్న ఫైళ్లుగా విడిపోయి ఉండటం వల్ల, ఏ భాగం మారితే ఆ ముక్కలే నెట్‌వర్క్ మీద ప్రయాణించేవి. అయినా మొదటి నకలు సుదీర్ఘమైన వ్యవహారమే. సెకనుకు 10 మెగాబైట్లు చేరవేయగలిగే వైర్‌లెస్ సంబంధం మీద 100 గిగాబైట్లు చేరడానికే దాదాపు మూడు గంటలు పడుతుంది. గోడలు అడ్డమై సంకేతం బలహీనపడినా, లక్షల కొద్దీ చిన్న ఫైళ్లున్నా అది రాత్రంతా సాగేది. అందుకే మొదటి నకలును ఈథర్‌నెట్ కేబుల్‌తో తీసి, గంటగంటకూ చేరే మార్పులను గాలికి వదలడం మేలైన పద్ధతిగా స్థిరపడింది.

బలహీనతలు

రెండు పనులను ఒకే పెట్టెలో కలపడంలోనే ఈ యంత్రం బలహీనతలు కూడా దాగి ఉన్నాయి. తిరిగే డిస్క్, రేడియో, విద్యుత్ సరఫరా సామగ్రి మూడూ ఇరుకు చోటులో వేడిని పుట్టిస్తాయి. ఎలక్ట్రానిక్ పరికరాల్లోని కెపాసిటర్ల ఆయుష్షు వేడికి తగ్గిపోతుంది. 2008 ఫిబ్రవరి, జూన్ నెలల మధ్య అమ్మిన పెట్టెల్లో కొన్ని విద్యుత్తు అందుకోకుండా ఆగిపోతున్నాయని గుర్తించిన యాపిల్, 2010లో వాటిని ఉచితంగా బాగుచేసి లేదా మార్చి ఇచ్చే ఏర్పాటు చేసింది. పెట్టె ఆగిపోతే నకలుతో పాటు ఇంటి నెట్‌వర్క్ కూడా ఆగిపోయేది. లోపల ఉన్నది ఒక్కటే డిస్క్ కావడంతో దానికి మరో నకలు ఉండేది కాదు. నకలు రాస్తుండగా వైర్‌లెస్ సంబంధం తెగితే కల్పిత డిస్క్‌లోని పట్టిక దెబ్బతినే ప్రమాదమూ ఉండేది. అప్పుడు టైమ్ మెషీన్ పాత నకళ్లు నమ్మదగినవి కావని తేల్చి, మొత్తం బ్యాకప్‌ను మొదటినుంచి తీయాలని సూచించేది. నెలల తరబడి పోగైన పాత ప్రతులు అలా ఒక్కసారిగా చేజారిపోయేవి.

2013లో ఈ పెట్టె నిలువుగా నిలబడే బురుజు రూపం దాల్చి, 802.11ఏసీ ప్రమాణంతో, 2 లేదా 3 టెరాబైట్ల డిస్క్‌తో వచ్చింది. అదే చివరి రూపం. 2018 ఏప్రిల్‌లో యాపిల్ ఎయిర్‌పోర్ట్ వంశాన్నంతటినీ నిలిపివేసింది. అప్పటికి ఇంట్లోని మూలమూలకూ సంకేతాన్ని చేరవేయడానికి పలు చిన్న రౌటర్లు కలిసి పనిచేసే మెష్ పద్ధతి రౌటర్ పనిని అందుకుంది. రెండు మూడు డిస్కులు పట్టే ఎన్ఏఎస్ అనే నెట్‌వర్క్ నిల్వ పెట్టెలూ, సుదూరపు డేటా కేంద్రాల్లో నకళ్లు దాచే క్లౌడ్ సేవలూ డిస్క్ పనిని పంచుకున్నాయి. టైమ్ మెషీన్ మాత్రం కొనసాగుతోంది. 2020 నుంచి అది హార్డ్ లింకుల బదులు, ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌లోని స్నాప్‌షాట్‌లను, అంటే ఒకానొక క్షణంలో డిస్క్ స్థితిని యథాతథంగా నిలిపి ఉంచే ఏర్పాటును, వాడుకొని పనిచేయగలుగుతోంది.

మిగిల్చిన పాఠం

సమాచార భద్రతకు ప్రాచుర్యం పొందిన 3-2-1 సూత్రాన్ని ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చారు: ప్రతి ముఖ్యమైన ఫైలుకూ మూడు ప్రతులు ఉండాలి, అవి కనీసం రెండు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో ఒకటైనా ఇంటికి దూరంగా ఉండాలి. ఈ కొలతతో చూస్తే టైమ్ క్యాప్సూల్ రెండో ప్రతిని మాత్రమే సమకూర్చింది. దొంగతనం, అగ్నిప్రమాదం, వరద వంటివి సంభవిస్తే కంప్యూటరూ పెట్టే రెండూ ఒకేచోట ఉన్నందున రెండూ పోతాయి. అయితే అంతకుముందు చాలా ఇళ్లలో లేనే లేని ఆ రెండో ప్రతిని, ఎవరి సంకల్పబలం మీదా ఆధారపడకుండా, గంటగంటకూ తయారుచేసి చూపించడమే దాని అసలైన సాధన.

ఇప్పుడు ఫోన్లలోనూ ల్యాప్‌టాప్‌లలోనూ పోగుపడుతున్న కుటుంబ ఫొటోలకూ ఆస్తిపత్రాల ప్రతులకూ పిల్లల చదువు సర్టిఫికెట్లకూ భద్రత కల్పించదలచిన కుటుంబం ఏ పరికరం కొన్నా మూడు విషయాలు పరిశీలించడం అవసరం. నకలు తనంతట తాను తయారవుతుందా, ఆ నకళ్లలో ఒకటైనా మరో ఊళ్లోనో క్లౌడ్‌లోనో ఉందా, నకలు నుంచి ఫైలును నిజంగా వెనక్కి తెచ్చుకోవచ్చునని ఎప్పుడైనా పరీక్షించి చూశారా అన్నవి ఆ మూడు ప్రశ్నలు. మొదటి ప్రశ్నకు టైమ్ క్యాప్సూల్ 2008లోనే సరైన సమాధానం ఇచ్చింది. రెండోదానికి క్లౌడ్ సేవలు మార్గం చూపాయి. మూడోదానికి మాత్రం ఏ యంత్రమూ పూచీపడదు, ఆ పరీక్షను అప్పుడప్పుడూ ఇంటివారే చేసి చూసుకోవాలి.