పట్టికతో నమూనా ఎంపిక

ఇంజనీరింగు, పాలిటెక్నిక్ చదివే పిల్లలు ప్రాజెక్టు కోసం ఒకే వస్తువుకు రెండు మూడు నమూనాలు గీస్తారు. ఏది తయారుచేయాలో తేల్చేటప్పుడు తరచుగా గట్టిగా మాట్లాడేవారి మాటే చెల్లుతుంది. సామాన్లకు డబ్బు ఇచ్చేది మాత్రం ఇంట్లోవాళ్లు. నేను బి.కాం. చదివి, బ్యాంకు గుమాస్తాగా రిటైరైనవాడిని. డిజైను నా విద్య కాదు. అయినా ఇంజనీర్లు నమూనాలను పోల్చడానికి వాడే పట్టిక, కూడికలు గుణకారాలు వచ్చిన ఎవరికైనా అర్థమవుతుంది.

బ్రిటన్‌కు చెందిన డిజైను ఆచార్యుడు స్టువర్ట్ ప్యూ చూపిన పద్ధతి సులువైనది. వాడుకలో ఉన్న ఒక నమూనాను కొలబద్దగా పెట్టుకోవాలి. కొత్త నమూనా ఒక్కొక్క అంశంలో దానికంటే మెరుగైతే ప్లస్, తక్కువైతే మైనస్ వేయాలి. సరిసమానమైతే అలాగే రాయాలి.

అన్ని అంశాలూ ఒకే విలువ గలవి కానప్పుడు వాటికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఉదాహరణకు టిఫిన్ల తోపుడుబండి అనుకుందాం. ధరకు 4, శుభ్రం చేయడానికి 3, తోయడానికి 2, అందానికి 1 ప్రాధాన్యం. ఒక్కొక్క అంశానికి 5 మార్కులు. ప్రాధాన్యంతో మార్కులను గుణించి కూడాలి.

రంగు వేసిన ఇనుప బండి: 4×4 + 3×2 + 2×3 + 1×2 = 30
స్టీలు బండి: 4×2 + 3×5 + 2×3 + 1×5 = 34

స్టీలు బండి నెగ్గింది. కాని ధరకు 5, శుభ్రతకు 2 ఇచ్చి చూడండి. ఇనుప బండికి 32, స్టీలు బండికి 31 వస్తాయి. అంటే అసలు ప్రశ్న బండి గురించి కాదు, ప్రాధాన్యం గురించి. అక్కడ వాదన ఆపి, బండి నడిపేవారినే అడగాలి: కొనేటప్పుడు ఖర్చు తగ్గడం ముఖ్యమా, రోజూ కడగడం తేలిక కావడం ముఖ్యమా?

విద్యార్థులు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

1. మార్కుల కంటే ముందే ప్రాధాన్యాలు రాసిపెట్టుకోండి. లేకపోతే మనసుకు నచ్చినదానినే గెలిపిస్తాము.
2. భద్రతకు మార్కులు వద్దు. గ్యాస్ సిలిండరుకు క్షేమమైన చోటు లేని బండిని పట్టికలోకే రానివ్వకండి.
3. మొత్తాలు దగ్గరగా ఉంటే ప్రాధాన్యాలు కొంచెం మార్చి, ఫలితం నిలుస్తుందో లేదో చూడండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రాజెక్టుకు డబ్బు ఇచ్చేముందు ఈ కాగితం చూపమనండి. నిర్ణయం పట్టిక చేయదు, మనమే చేస్తాము. ఎందుకు చేశామో చెప్పడానికి అది ఆధారంగా ఉంటుంది.