కూలిన చెట్టులో నిద్రపోతున్న మొగ్గలు

పట్టణాల్లో చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి పొందాలన్న నియమం కొత్తదేమీ కాదు. ఢిల్లీలో 1994 నాటి వృక్ష సంరక్షణ చట్టం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చి వాల్టా అన్న పేరుతో వాడుకలోకి వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఈ నియమాన్నే విధించాయి. అయితే చచ్చిన చెట్టు, తెగులు పట్టిన చెట్టు, గాలికి పడిపోయిన చెట్టు అనే మూడింటినీ ఢిల్లీ చట్టం ఒకే వరుసలో చేర్చి, వాటిని తొలగించేందుకు అనుమతి నిరాకరించరాదని చెబుతుంది. రాకపోకలకూ ప్రాణాలకూ ముప్పున్నచోట ఇటువంటి వెసులుబాటు అవసరమే గాని, పడిపోవడమూ చావడమూ ఒకటేనన్న భావన వృక్షశాస్త్రం ముందు నిలవదు.

అందుకు సాక్ష్యం గోదావరి గట్టు మీదే ఉంది. కొవ్వూరు సమీపాన కుమారదేవంలో సుమారు 150 ఏళ్ల నిద్రగన్నేరు ఒకటి, వంశీ వంటి దర్శకుల చిత్రాల్లో కనిపించి సినిమాచెట్టుగా పేరుపడింది. 2024 ఆగస్టు 5న అది కూలిపోయింది. రాజమహేంద్రవరం రోటరీ సభ్యుల చొరవతో సంరక్షణ చర్యలు చేపట్టగా, కొన్ని వారాలకు ఆ మోడు చిగిర్చింది. దీనిని అద్భుతమనుకోవడం సహజమే అయినా, ఆ చిగురు వెనుక ఉన్న యంత్రాంగం అద్భుతమన్న మాటకన్నా ఎంతో ఆసక్తికరమైనది.

ఆకు కాడ కాండాన్ని కలిసే మూలలో ఒక చిన్న మొగ్గ పుడుతుంది. దీనిని గ్రీవ మొగ్గ అంటారు. ఇలాంటి మొగ్గల్లో కొన్ని కొమ్మలవుతాయి; మిగిలినవాటిలో చాలామటుకు రాలిపోగా, కొన్ని మాత్రం దశాబ్దాల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. బెరడు కింద ఏటేటా కొత్త కలపను చేర్చే కేంబియం అనే పలుచని కణాల పొర మానును లావు చేస్తున్నకొద్దీ, ఈ మొగ్గ కూడా సరిగ్గా ఆ మందం మేరకే వెలుపలికి పెరుగుతూ, కలపలో పూడుకుపోకుండా బెరడు అంచునే ఉంటుంది. బయటికి ఏమీ కనిపించని నున్నని మాను నిజానికి ఇటువంటి మొగ్గలతో నిండి ఉండవచ్చు. కోనసీమ కొబ్బరికి ఈ భాగ్యం లేదు. దానికి పెరిగే మొగ్గ ఒక్కటే, అది మొవ్వులోనే ఉంటుంది కాబట్టి, కొమ్ము పురుగు లోపలి దాకా తొలిచినా, మొవ్వు కుళ్ళు సోకినా చెట్టు మొత్తం పోతుంది.

ఈ మొగ్గలను నిద్రలో ఉంచేది ఏమిటన్న ప్రశ్నకు 1933లో థిమన్, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం చాలాకాలం తిరుగులేనిదిగా చలామణి అయింది. చిక్కుడు జాతి మొక్క కొన తుంచితే పక్క మొగ్గలు లేస్తాయి. తుంచినచోట ఆక్సిన్ అనే వృద్ధి హార్మోనును ఉంచితే లేవవు. కొన చూపే ఈ పెత్తనానికి అగ్రాధిక్యత అని పేరు. ఆక్సిన్ మొగ్గలోకి దిగి దానిని అణచివేస్తుందని తొలుత తలచారు గాని, రేడియోధార్మిక ఆక్సిన్‌తో జాడ తీసినప్పుడు అది మొగ్గల్లోకి చెప్పుకోదగినంతగా చేరడమే లేదని తేలింది. అంటే మధ్యలో మరొక దూత ఉండాలి. అటువంటి దూతల్లో ఒకటి 2008లో బయటపడింది: ఫ్రాన్సు, జపాను బృందాలు విడివిడిగా గుర్తించిన స్ట్రైగోలాక్టోన్లు. ఈ పదార్థాలు అంతకుముందే వేరొక కారణంగా శాస్త్రలోకానికి తెలుసు. వేళ్ల నుంచి స్రవించి పరాన్నజీవి కలుపు విత్తనాలను మొలకెత్తించేవి ఇవే, గోదావరి జిల్లాల పొగాకు రైతును వేధించే మల్లె కలుపు కూడా ఆ కోవలోదే.

అంతటితోనూ కథ ముగియలేదు. ఆక్సిన్ కాండంలో గంటకు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే దిగుతుంది. అలాంటప్పుడు కొన తుంచిన కొద్ది గంటల్లోనే, ఆక్సిన్ తగ్గిన కబురు అందకముందే, దూరాన ఉన్న మొగ్గ ఎలా కదులుతుంది? బఠానీ మొక్కలపై క్రిస్టీన్ బెవరిడ్జ్ బృందం 2014లో ప్రకటించిన జవాబు ఎంతో సొగసైనది: కొన తెగగానే అది లాక్కునే చక్కెర మిగిలిపోయి, ఆక్సిన్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా కిందికి పారి మొగ్గను లేపుతుంది. అంటే మొగ్గ నిద్రకు హార్మోన్ల అదుపు ఎంత కారణమో, ఆకలి కూడా అంతే కారణం. మహావృక్షంలో ఈ వ్యవహారం బఠానీలో కన్నా జటిలమైనదే అయినా, కుమారదేవం చెట్టు వంటి మోడులో చిగురుకు కావలసిన పెట్టుబడి కలపలోనూ వేళ్లలోనూ దాచుకున్న పిండిపదార్థం నుంచే రావాలి. వేళ్లలో కొంత భాగమైనా నేలలో నిలిచి, బెరడు ఎండకుండా ఉంటే ఆ నిల్వ చక్కెరగా మారి మొగ్గలకు చేరుతుంది.

ఇదే యంత్రాంగం వీధి చెట్లకు కీడుగా మారడం విచారకరం. విద్యుత్ తీగల కోసం తలలు నరికిన నిద్రగన్నేర్లు మళ్లీ గుబురుగా చిగిర్చినప్పుడు చెట్టు కోలుకుందని అందరూ ఊరట చెందుతారు. కాని అసలు కొమ్మ మొదలు మాను నడిబొడ్డు దాకా పాతుకొని ఉంటుంది. నరికాక వచ్చిన కొమ్మ మాత్రం నరికిన తరువాత ఏర్పడిన పలుచని కలపపొరనే పట్టుకొని ఉంటుంది కాబట్టి, కింది నరుకు పుచ్చుతున్నకొద్దీ, పై కొమ్మ బరువెక్కుతున్నకొద్దీ గాలివానకు విరిగిపడుతుంది. ఆ తరువాత ప్రమాదకరమైన చెట్టన్న పేరుతో మొత్తం తొలగించడానికి అనుమతి కోరుతారు. ఒక చెట్టుకు బదులు కడియం నర్సరీల నుంచి ఎన్ని మొక్కలు తెచ్చి నాటినా, గొడుగులా పరచుకునే నిద్రగన్నేరు నీడ తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అందువల్ల నష్టాన్ని అంచనా వేయడానికి మొక్కల లెక్కకు బదులు పోయిన నీడ వైశాల్యాన్ని కొలవడమే సరైన పద్ధతి.

ఇక ఆచరణ విషయానికి వస్తే, కూలిన చెట్టు బెరడును కత్తిమొనతో అక్కడక్కడ గీరి చూడవచ్చు. కింద పచ్చగా, తడిగా పొర కనిపిస్తే కేంబియం బతికి ఉన్నట్టే. దారికి అడ్డమైన కొమ్మలను మాత్రం తొలగించి, వేళ్లపై మట్టి కప్పి, ఒక రుతువు గడిచేదాకా మొదలు జోలికి పోరాదన్న గడువును అనుమతి నిబంధనల్లో చేర్చడానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు.