సార్... అంటే పెద్దాయనే!

‘మా అక్క’ అంటే చాలు, వయసు కూడా చెప్పేసినట్టే. అదే ఇంగ్లిషులో ‘మై సిస్టర్’ అంటే అక్కో చెల్లో తెలీదు. ముందు ‘ఎల్డర్’ తగిలించాల్సిందే. తోబుట్టువుల్లో పెద్దాచిన్నా చెప్పే విడి మాటలు ఆ భాషకు లేవు మరి!

ఈ ఎల్డర్‌ది తమాషా కథ. ‘ఓల్డ్’ నుంచి పాతకాలం ఇంగ్లిషులో పుట్టిన రూపమది. తర్వాతెప్పుడో ‘ఓల్డర్’ వచ్చి దాని పనంతా లాగేసుకుంది. ఎల్డర్‌కు ఇల్లూ, చర్చీ, ఊరి పెద్దల అరుగూ మిగిలాయి. అందుకే ‘ఎల్డర్ బ్రదర్’ అనొచ్చు కానీ ‘ఎల్డర్ దేన్ మి’ అనకూడదు... ‘ఓల్డర్ దేన్ మి’ అనాలి. మనవాళ్లు ధారాళంగా వాడే ‘ఎల్డర్ టు మి’ని వ్యాకరణ పుస్తకాలు ఒప్పుకోవు. ఆ ‘టు’ సీనియర్, జూనియర్‌ల సొత్తు. లాటిన్ నుంచి దిగిన మాటలు కాబట్టి వాటికి ‘దేన్’ పొసగదు. పోటీ పరీక్షలు రాసేవారు గుర్తుంచుకోవాల్సిన తేడా ఇది.

లాటిన్‌లో ‘సెనెక్స్’ అంటే ముసలాయన. ‘సీనియర్’ అంటే వయసులో ఇంకా పెద్ద. రోమ్‌లో పెద్దలు కొలువుదీరిన సభ సెనేట్ అయింది. మనం రాజ్యసభను ‘పెద్దల సభ’ అంటున్నట్టే. పేరుకు తగ్గట్టు వయసు నిబంధనా ఉంది. లోక్‌సభకు పోటీ చేయాలంటే 25 ఏళ్లు చాలు, రాజ్యసభకు 30 నిండాలి. అమెరికాలోనూ అంతే... ప్రతినిధుల సభకు 25, సెనేట్‌కు 30.

ఆ సీనియరే ఫ్రెంచివాళ్ల నోట నలిగి చివరికి ‘సర్’ అయింది. పాతికేళ్ల కొత్త ఎస్సైని యాభై ఏళ్ల హెడ్ కానిస్టేబుల్ ‘సార్’ అన్నాడంటే, మాట మూలం ప్రకారం ‘నాకంటే పెద్దవాడా’ అన్నట్టే! విచిత్రమేమిటంటే, ముసలితనంలో మతి తప్పిందని ఎత్తిపొడిచే ‘సెనైల్’దీ అదే వేరు. ఒకే ముసలాయన నుంచి దండమూ, తిట్టూ రెండూ పుట్టాయి.

‘ఓల్డ్’ అనడానికి నోరు రానివారి కోసం అమెరికాలో 1930ల చివర్లో ‘సీనియర్ సిటిజన్’ వచ్చింది. మన దేశంలో 2007లో చేసిన చట్టం పేరులోనూ చేరింది. ఆ పేరు తెలుగులోకి వచ్చేసరికి మళ్లీ ‘వయోవృద్ధులు’ అయింది... మర్యాద కోసం తీసేసిన ముసలితనం తిరిగొచ్చినట్టే! ఆ చట్టం లెక్క 60 ఏళ్లు. 2020 మార్చిలో నిలిపేసే దాకా రైల్వే రాయితీకి మాత్రం మగవారికి 60, ఆడవారికి 58. అంటే 58 ఏళ్ల ఆవిడ రైలెక్కినప్పుడు సీనియర్ సిటిజన్. దిగి, డిపాజిట్‌పై అదనపు వడ్డీ కోసం బ్యాంకుకు వెళ్తే కాదు.